తీగ లాగితే డొంక కదిలింది: నరికిన అడవుల్లో తీగల నిర్వహణపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం:

ఉష్ణమండల అడవుల్లో కలప కోసం చెట్లు నరికిన తరువాత కొయ్యబారిన తీగలు విపరీతంగా అల్లుకుంటాయి. వాటిని కోసివేస్తే మిగిలిన చెట్లు త్వరగా కోలుకుంటాయని అటవీశాస్త్రం అర్ధశతాబ్దికి పైగా చెబుతోంది. ఇటీవల ఈ పనికి వాతావరణ మార్పును ఎదుర్కొనే చౌకైన ఉపాయమన్న పేరు కూడా వచ్చింది. మలేషియాలోని సాబా, పనామా, బ్రెజిల్, కామెరూన్ దేశాల్లో జరిగిన ప్రధాన అధ్యయనాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వాటిలో నిలిచిన నిర్ణయాలేవో, నిర్ణయాన్ని మించి పోయిన మాటలేవో వేరుచేస్తుంది. తూర్పు కనుమల అడ్డతీగను సాక్ష్యంగా తీసుకొని, తీగను కేవలం చెట్టుకు శత్రువుగా చూసే దృష్టిలోని లోపాన్ని చర్చిస్తుంది. తీగల నరికివేత అవసరమే కాని, దాని హద్దులను చెట్టు లెక్క ఒక్కటే నిర్ణయించరాదన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

కీలకపదాలు: కొయ్యతీగలు, తీగల నరికివేత, కలప అడవులు, కర్బనం, సాబా, అడ్డాకు, అటవీ హక్కులు

1. ప్రవేశిక:

తీగ లాగితే డొంకంతా కదిలిందని సామెత. చిన్న ఆధారం పట్టుకుంటే పెద్ద వ్యవహారం బయటపడిన సందర్భంలో తెలుగువారు దీనిని వాడుతారు. సామెత వెనుక ఉన్న అనుభవం మాత్రం చెట్టూ పుట్టా ఎరిగినవారిది. డొంకలో ఏ కొమ్మకు ఏ తీగ చుట్టుకొని ఉందో పైకి కనబడదు. లాగినప్పుడే తెలుస్తుంది.

ఈ అనుభవమే బోర్నియో దీవిలో కలప నరికేవారికి పెద్ద ఎత్తున ఎదురైంది. అక్కడి వర్షారణ్యంలో ఒక మహావృక్షాన్ని కోస్తే అది ఒంటరిగా కూలదు. దాని కొమ్మలను పొరుగు చెట్ల కొమ్మలతో కలిపి కట్టిన తీగలు ఆ చెట్లను కూడా లాగుతాయి. కొన్నింటి కొమ్మలు విరుగుతాయి. కొన్ని వేళ్లతో సహా పెకలివస్తాయి. ఒక్కొక్కప్పుడు కోసిన చెట్టు తీగలకు చిక్కి, అనుకోని దిక్కుకు తిరిగి కోసినవారి మీదనే పడుతుంది. నరికే ముందే తీగలను కోసి ఉంచాలన్న నియమం ఈ నష్టం నుంచి, ఈ ప్రమాదం నుంచి పుట్టింది.

ఆ నియమం క్రమంగా ఒక సిద్ధాంతమైంది. నరికే ముందు చేసే జాగ్రత్త నరికిన తరువాత చేసే చికిత్సగా మారింది. ఆ చికిత్స ఇప్పుడు కర్బన విపణిలో ధర పలికే సేవగా మారుతోంది. ఈ ప్రయాణంలో ఒక్కొక్క మజిలీలో తీగను గురించి ఏమి నిరూపితమైంది, ఏమి ఊహ మాత్రమే అన్నది విమర్శకు యోగ్యమైన ప్రశ్న. తీగ మీద ఆధారపడి జీవించే మనుషులు మన తెలుగు నేల మీద కూడా ఉన్నారు. కనుక ఇది మనకు దూరపు ప్రశ్న కాదు.

2. తీగ స్వభావం:

తెలుగులో 'తీగ' అన్న మాట విశాలమైనది. పందిరి మీది చిక్కుడు పాదు మొదలుకొని మనిషి తొడంత లావుతో అడవి కప్పును చేరే మొక్క వరకు అన్నీ తీగలే. ఈ వ్యాసంలో రెండవ రకాన్ని, అంటే కాండం కొయ్యబారి ఏళ్ల తరబడి బతికే వాటిని, 'కొయ్యతీగలు' అని వ్యవహరిస్తున్నాను.

కొయ్యతీగకూ బదనికకూ భేదం ఉంది. బదనిక చెట్టు కొమ్మలోకి వేరు దించి దాని రసాన్ని తీసుకుంటుంది. కొయ్యతీగకు సొంత వేళ్లున్నాయి, సొంత ఆకులున్నాయి. అది చెట్టును అడిగేది నిలబడడానికి ఆధారం మాత్రమే. చార్లెస్ డార్విన్ 1865లో ఎగబాకే మొక్కల చలనాలను వివరిస్తూ, కాండంతో చుట్టుకునేవి, ఆకుతో పట్టుకునేవి, నులితీగలు చాచేవి, కొక్కేలతో తగులుకునేవి, వేళ్లతో అంటుకునేవి అని వాటిని విభజించాడు. తక్కువ పదార్థాన్ని వెచ్చించి వెలుతురును అందుకోవడమే ఎగబాకడంలోని లాభమని ఆయన వాదించాడు. చెట్టు మాను కట్టడానికి పెట్టే ఖర్చును తీగ ఆకులకూ, పొడవుకూ, నీటిని వేగంగా చేరవేసే వెడల్పైన నాళాలకూ పెడుతుంది.

ఈ ఆర్థికం వల్లనే కొయ్యతీగకు వెలుతురు పడిన చోటు అనుకూలం. చెట్లు నరికిన అడవి దానికి పిలిచి పెట్టిన విందు. అడవి కప్పు తెరుచుకుంటుంది. నేల మీద కాచుకొని ఉన్న తీగ మొలకలు లేస్తాయి. కూలిన చెట్టుతో పాటు నేలకొరిగిన తీగలు చావక, కణుపుకొక వేరు దించి కొత్త చివుళ్లు వేస్తాయి. పనామాలోని బారో కొలరాడో దీవిలో ఫ్రాన్సిస్ పుట్జ్ చేసి 1984లో ప్రకటించిన పరిశీలన ఈ గుణాన్ని స్పష్టంగా చూపింది. అదే దీవిలో చెట్లు కూలి ఏర్పడిన ఖాళీలను పరిశీలించిన స్టెఫాన్ ష్నిట్జర్ ప్రభృతులు 2000లో మరొక సంగతి చెప్పారు. కొన్ని ఖాళీలు మళ్లీ చెట్లతో నిండక, తీగల అల్లికగానే ఏళ్ల తరబడి నిలిచిపోతాయి.

కాబట్టి తీగల ఆధిక్యం ఒక వాస్తవం. వాదం దాని ఉనికి గురించి కాదు, దాని కారణం గురించి. నరికిన అడవిలో తీగ గాయాన్ని చేసినది కాదు, గాయం మీద పెరిగినది. ఈ భేదాన్ని చాలా రచనలు ప్రారంభంలో ఒప్పుకొని, సిఫారసుల దగ్గరకు వచ్చేసరికి మరచిపోతాయి.

3. నరికివేత వాదం: మూడు మజిలీలు:

3.1 కూలుడు నష్టం: సాబాలో ఫాక్స్ 1968లోనే నరకడానికి ముందు తీగలను కోయడం వల్ల కలిగే మేలును గురించి రాశాడు. మలేషియా ద్వీపకల్పంలో అప్పనా, పుట్జ్ 1984లో ప్రకటించిన అధ్యయనం ముందస్తు నరికివేత వల్ల పక్క చెట్లు కూలడం తగ్గిందని చూపింది. 1992లో అమెరికాకు చెందిన ఒక విద్యుత్ సంస్థ నిధులతో సాబాలో నష్టం తగ్గించే నరికివేత పథకం మొదలైనప్పుడు, నెలల ముందే తీగలను కోయడం అందులో ఒక నిబంధన అయింది. కోసిన తీగ ఎండి, పట్టు సడలడానికి ఆ వ్యవధి అవసరం.

ఇదంతా యుక్తియుక్తమే. అయితే దక్షిణ కామెరూన్‌లో పారెన్, బాంగర్స్ ఇదే ప్రశ్నను పరీక్షించి 2001లో ప్రకటించిన ఫలితం భిన్నంగా వచ్చింది. తీగలను ముందే కోసినా కూలుడు ఖాళీల పరిమాణంలో గాని, దెబ్బతిన్న చెట్ల సంఖ్యలో గాని గణనీయమైన తేడా కనబడలేదు. ఒకచోట నిజమైన నియమం మరొకచోట నిజం కాకపోవచ్చు. తీగ జాతులు, చెట్ల ఎత్తు, అడవి కప్పు అల్లిక, నరికేవారి నైపుణ్యం, ఇవన్నీ ఫలితాన్ని మార్చగలవు. మార్గదర్శకాలు సాబా ఫలితాన్ని సూత్రంగానూ, కామెరూన్ ఫలితాన్ని అపవాదంగానూ చూడడానికి అలవాటుపడ్డాయి. అలా చూడడానికి తగిన కారణమేదో అవి చెప్పవు.

3.2 చెట్ల పెరుగుదల: రెండవ మజిలీలో తీగల నరికివేత చికిత్స అయింది. బ్రెజిల్‌లోని పారా రాష్ట్రంలో కలప నరికిన అడవిలో గెర్వింగ్ తీగలను కోయించి, నియంత్రిత దహనంతో పోల్చి చూశాడు. 2001లో ప్రకటించిన ఆ ఫలితాల్లో తీగలు కోసిన చోట చెట్ల మాను పెరుగుదల హెచ్చింది. ఇటువంటి 26 అధ్యయనాలను కలిపి ఫిన్లేసన్ ప్రభృతులు 2022లో ఒక సమాహార విశ్లేషణ ప్రకటించారు. క్షీణించిన అడవుల్లో తీగలను తొలగిస్తే చెట్ల పెరుగుదల, జీవద్రవ్యం రెట్టింపును మించుతాయన్నది దాని సారం.

3.3 కర్బనం: మూడవ మజిలీకి ఆధారం పనామాలోని గిగాంటే ద్వీపకల్పంలో జరిగిన ప్రయోగం. వాన్ డెర్ హైడెన్, పవర్స్, ష్నిట్జర్ 2015లో ప్రకటించిన ఫలితం ప్రకారం, తీగలున్న క్షేత్రాల్లో నేలపై భాగంలో ఏటా నికరంగా చేరే కర్బనం, తీగలు తొలగించిన క్షేత్రాలతో పోలిస్తే సుమారు 76 శాతం తక్కువ. తీగలు తాము ఆక్రమించిన చోటును తమ కలపతో పూరించవు. అడవి ఉత్పత్తి మాను నుంచి ఆకులకు మళ్లుతుంది. ఆకు రాలి త్వరగా కుళ్లుతుంది. మానులో చేరిన కర్బనం దశాబ్దాల తరబడి నిలుస్తుంది.

ఈ ప్రయోగం నిర్మాణం పటిష్ఠమైనది. దాని నిర్ణయాన్ని కాదనడం ఈ వ్యాస ఉద్దేశం కాదు. ఆ నిర్ణయాన్ని ఎంత దూరం మోసుకుపోవచ్చునన్నదే ప్రశ్న.

4. లెక్కల్లోని చిక్కులు:

మొదటి చిక్కు స్థలానిది. గిగాంటే క్షేత్రాలు సుమారు 60 ఏళ్ల వయసున్న ద్వితీయారణ్యం. అవి కలప కోసం నరికి, యంత్రాలు తొక్కిన బోర్నియో అడవి కాదు. అక్కడ తీగలన్నింటినీ తొలగించింది తీగల ప్రభావాన్ని కొలవడానికి. పరిశోధన కోసం చేసిన సంపూర్ణ తొలగింపును నిర్వహణకు నమూనాగా తీసుకోవడం పద్ధతికి విరుద్ధం.

రెండవ చిక్కు వేగానికీ నిల్వకూ ఉన్న భేదం. 76 శాతం తగ్గుదల అంటే అడవిలో ఉన్న కర్బనంలో ముప్పాతిక పోయిందని కాదు, ఏటా కొత్తగా చేరేది అంత తగ్గిందని. అదే అంకెను తిప్పి చెబితే తీగలు లేనిచోట నాలుగు రెట్లు చేరుతోందని అర్థం. రెండూ ఒకే కొలత. ఏది చెబితే ఏ పథకానికి బలమో అదే ప్రచారంలోకి వస్తుంది. 'రెట్టింపు' అన్న మాట కూడా అటువంటిదే. ఉదాహరణకు, ఏటా 2 మిల్లీమీటర్లు లావెక్కే చెట్టు 4 మిల్లీమీటర్లు లావెక్కినా రెట్టింపే, 8 నుంచి 16కు పెరిగినా రెట్టింపే. మొదటిదానితో అడవి కోలుకోవడానికి పట్టే కాలం వేరు, రెండవదానితో వేరు. నిష్పత్తి మూలాన్ని చెప్పదు.

మూడవ చిక్కు కలగలుపు. సాబాలో దెబ్బతిన్న అడవుల పునరుద్ధరణకు 1992లో మొదలైన పథకం 25,000 హెక్టార్లను లక్ష్యంగా పెట్టుకుంది. ఆ ప్రాంతపు అడవులను పరిశీలించి ఫిలిప్సన్ ప్రభృతులు 2020లో ప్రకటించిన ఫలితం ఆశాజనకమైనది. తనంతట తాను కోలుకుంటున్న అడవిలో హెక్టారుకు ఏటా 2.9 టన్నుల కర్బనం చేరుతుండగా, పునరుద్ధరించిన చోట 4.4 టన్నులు చేరుతోంది. అయితే ఆ పునరుద్ధరణలో మొక్కలు నాటడమూ ఉంది, తీగలు కోయడమూ ఉంది. ఒకటిన్నర టన్నుల ఆధిక్యంలో తీగల నరికివేత వాటా ఎంతో ఈ రెండు అంకెల నుంచి తేలదు. దానిని తీగల నరికివేతకే ప్రమాణంగా ఉటంకించడం రెండు మందులు కలిపి మింగి ఒకదానిని మెచ్చుకున్నట్టే.

నాలుగవ చిక్కు విస్తరణది. ఫిన్లేసన్ ప్రభృతుల విశ్లేషణ 25 కోట్ల హెక్టార్ల కలప అడవుల్లో తీగలను తొలగిస్తే 30 ఏళ్లలో 32 గిగాటన్నుల కార్బన్ డయాక్సైడును చెట్లలో బంధించవచ్చునని అంచనా కట్టింది. సంభావ్యతను చూపే అంచనాగా దానికి విలువ ఉంది. కాని అందులోని ప్రతి హెక్టారుకూ కత్తి పట్టిన మనిషి వెళ్లాలి. కోసిన మొదలు నుంచి మళ్లీ చిగిర్చే తీగల దగ్గరకు మరల వెళ్లాలి. ఆ హెక్టారు మీద ఎవరికి హక్కుందో అడగాలి. చివరి ప్రశ్న ఏ సమీకరణంలోనూ చరరాశిగా కనబడదు.

5. కొలతకు అందనివి:

అనేక ఉష్ణమండల అడవుల్లో కొయ్య మొక్కల జాతుల్లోనూ కాండాల సంఖ్యలోనూ దాదాపు నాలుగోవంతు తీగలదే. చెట్టు నుంచి చెట్టుకు తీగ వేసిన వంతెన మీదుగా వానరాలు నేలకు దిగకుండా ప్రయాణిస్తాయి. కలప నరికి చెట్ల మధ్య దూరం పెరిగిన అడవిలో ఆ వంతెన అవసరం మరింత ఎక్కువ. అనేక తీగల ఆకులూ, పూలూ, కాయలూ వాటికి ఆహారం. తీగలకూ వానరాలకూ ఉన్న ఈ సంబంధాన్ని వన్యజీవి పరిశోధకులు విస్తృతంగా నమోదు చేశారు. అయినా తీగల నరికివేత ఫలితాలను లెక్కించే పట్టికల్లో ఎక్కువభాగం మాను చుట్టుకొలత దగ్గర ఆగిపోతాయి.

కొలత మారితే ఫలితం మారుతుందనడానికి సాబాలోనే ఒక నిదర్శనం ఉంది. మలువా అడవిలో 500 హెక్టార్లలో సాగుతున్న జీవవైవిధ్య ప్రయోగంలో తీగలను కోసిన చోట నాటిన మొలకలకు మేలు జరిగింది. ఎల్‌నినో కరువు వచ్చినప్పుడు ఆ మేలు తగ్గిపోయింది. ఓబ్రయన్ ప్రభృతులు 2019లో ఈ విషయాన్ని ప్రకటించారు. కోసిన తీగ పోటీదారే కావచ్చు. కాని అది కప్పిన కప్పు తీసివేస్తే నేలకు ఎండ తగులుతుంది. మంచి వానల ఏడాదిలో వెలుతురుగా పనికివచ్చినది కరువు ఏడాదిలో వేడిగా హాని చేయవచ్చు. కరువులు పెరుగుతాయన్న భయంతోనే కర్బన పథకాలు పుట్టాయి. ఆ పథకాల్లోని చికిత్స కరువులో బలహీనపడుతుందన్న సంగతి పాదసూచికకు పరిమితం కావలసినది కాదు.

6. తూర్పు కనుమల సాక్ష్యం: అడ్డాకు:

భారతీయ అటవీ నిర్వహణలోనూ తీగల నరికివేతకు దీర్ఘచరిత్ర ఉంది. కలప చెట్ల సంరక్షణ కోసం అటవీ శాఖ తయారుచేసుకునే కార్యప్రణాళికల్లో అది ఒక అనుబంధ చర్యగా చోటుచేసుకుంది. గుగ్గిలం అడవుల్లో ఈ చర్యకు ప్రధానంగా గురైన తీగల్లో బౌహీనియా వాహ్లై ఒకటి. పెద్ద ఆకులతో, బలమైన కాండంతో చెట్టు నెత్తిని కప్పివేయగల తీగ అది. సాబా అడవుల్లోని కలప వృక్షాలు, మన గుగ్గిలం చెట్టు ఒకే వృక్షకుటుంబానికి చెందినవి కావడం గమనార్హం. చెట్టు బంధుత్వంతో పాటు దాని మీది తీగను చూసే దృష్టి కూడా రెండు చోట్లా ఒకటే అయింది.

అటవీ గ్రంథం హానికారిగా నమోదు చేసిన ఈ తీగనే తెలుగువారు అడ్డతీగ అంటారు. దాని ఆకు అడ్డాకు. రెండు తమ్మెలుగా చీలిన ఆ వెడల్పాటి ఆకులను ఏజెన్సీ ప్రాంతాల ఆదివాసులు, ముఖ్యంగా స్త్రీలు, కోసి ఎండబెట్టి కట్టలు కడతారు. సన్నని పుల్లలతో కుట్టి విస్తళ్లు చేస్తారు. తీగ నారతో తాళ్లు పేనుతారు. గింజలను కాల్చి తింటారు. పెళ్లిళ్లలోనూ, గుళ్ల ప్రసాదాలలోనూ మైదాన ప్రాంతపు తెలుగువారు ఎన్నో తరాలుగా భోంచేసినది ఈ తీగ ఆకులోనే. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ సేకరించే అటవీ ఫలసాయాల్లో అడ్డాకు ఉంది. తూర్పు కనుమల్లో ఒక మండల కేంద్రం పేరు అడ్డతీగల. అటవీ గ్రంథం కోసివేయమన్న తీగ ఒక ఊరి పేరులో వినబడుతోంది.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. తూర్పు కనుమల అడవులు చాలావరకు ఆకురాల్చు అడవులు. సాబాలోని నిత్యహరిత వర్షారణ్యంతో వాటికి పోలిక కుదరదు. నిజమే. పోలిక కుదరదన్నదే ఈ వ్యాసం చెప్పదలచినది కూడా. ఒక అడవిలో పరీక్షించిన నియమం మరొక అడవికి యథాతథంగా వర్తించదని కామెరూన్ ఫలితం ప్రకృతి వైపు నుంచి చూపింది. అడ్డాకు మనిషి వైపు నుంచి చూపుతోంది.

అడ్డాకు ఒక్కటే కాదు. తిప్పతీగ, పొడపత్రి, గురివింద, తీగమోదుగ, ఇవన్నీ ఎగబాకే మొక్కలే. బుట్టలకూ కుర్చీలకూ వాడే పేము కూడా ముళ్లకొక్కేలతో చెట్లను పట్టుకొని పైకిపోయేదే. 2006 నాటి అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయాన్ని నిర్వచిస్తూ వెదురు, తేనె, లక్క, తునికాకు, మూలికలతో పాటు పేమును పేరుపెట్టి చెప్పింది. వాటి సేకరణ, వినియోగం, అమ్మకం మీద అడవిలో నివసించేవారికి యాజమాన్య హక్కును గుర్తించింది. సాముదాయిక అటవీ వనరులను సంరక్షించి నిర్వహించే హక్కును కూడా అదే చట్టం గుర్తించింది. అంటే అటవీశాస్త్రం 'కోయవలసిన తీగ' అన్న శీర్షిక కింద పెట్టగల మొక్క, చట్టం దృష్టిలో ఒకరి ఆస్తి కావచ్చు. ఈ రెండు దృష్టులూ ఒకే అడవిలో ఎదురుపడినప్పుడు ఏది ముందు మాట్లాడుతుందన్నదే అసలు సమస్య. ఇంతవరకు ముందు మాట్లాడింది చెట్టు లెక్కే.

7. భాష మీద ఒక మాట:

తీగను చూసే చూపు భాషలో దాగి ఉంటుంది. మన కావ్యసంప్రదాయంలో తీగ ఎక్కువగా వధువు, చెట్టు వరుడు. కాళిదాసు శాకుంతలంలో వనజ్యోత్స్న అన్న లత మామిడిచెట్టును తానే వరించినదిగా కనబడుతుంది. తమిళ సంప్రదాయంలో పారి అనే నాయకుడు ఆధారం లేక అల్లాడుతున్న మల్లెతీగకు తన రథాన్నే విడిచిపెట్టాడని కీర్తి. ఈ రెండింటిలోనూ తీగ అబల. ఆదరించడం ఎదుటివారి ఔదార్యం.

అటవీశాస్త్ర రచనల్లో ఈ రూపకం తలకిందులైంది. అక్కడ తీగ ఊపిరాడనివ్వని శత్రువు, చెట్టు బాధితుడు. కోసివేయడానికి ఆంగ్ల రచనలు తరచుగా వాడే మాటకు తెలుగులో 'విముక్తి' అని అర్థం. విముక్తి అన్న తరువాత ఎవరి నుంచి అని అడిగితే తీగ నుంచి అన్న సమాధానమే వస్తుంది. రంపం నుంచి అన్న సమాధానం రాదు. అడవి కప్పును తెరిచినది కలప వ్యాపారం. తెరిచిన కప్పులోకి వచ్చినది తీగ. శిక్ష పడినది రెండవదానికి.

కావ్యదృష్టికీ శాస్త్రదృష్టికీ ఇంత భేదమున్నా ఒక సామ్యం ఉంది. రెండూ చెట్టు పక్కన నిలబడి తీగను చూస్తాయి. తీగను తీగగా, ఆకుగా, నారగా, గింజగా చూసిన దృష్టి దానిని సేకరించేవారిది. ఆ దృష్టి గ్రంథాలకు ఎక్కక, ఊళ్ల పేర్లలోనూ విస్తళ్లలోనూ మిగిలింది.

8. సమంజసమైన నిర్వహణ:

ఇంతవరకు చేసిన విమర్శ తీగలను ముట్టుకోరాదని చెప్పడానికి కాదు. దట్టంగా కప్పుకున్న తీగల కింద మొలకలు ఏళ్ల తరబడి లేవలేకపోతున్న నరికిన అడవులు నిజంగా ఉన్నాయి. అక్కడ ఏమీ చేయకపోవడం కూడా ఒక నిర్ణయమే, దానికీ మూల్యం ఉంది. అందువల్ల ఎంపిక చేసిన నరికివేత తగిన మార్గం. హెక్టారుకు కొద్దిపాటి చెట్లను, భావితరపు కలపకో విత్తనానికో పనికివచ్చేవాటిని గుర్తించి, వాటి మీది తీగలను మాత్రమే కోసే పద్ధతిని పుట్జ్ వంటి పరిశోధకులు కూడా సమర్థిస్తున్నారు. దీనివల్ల ఖర్చు తగ్గుతుంది, తీగజాతులు అడవిలో నిలుస్తాయి, వానరాల వంతెనలు పూర్తిగా తెగవు.

దీనికి మూడు షరతులు చేర్చాలి. ఒకటి, కోసే ముందు తీగ జాతిని గుర్తించాలి. 'తీగ' అన్న ఒక్క మాట కింద అన్నింటినీ నరకడం 'చెట్టు' అన్న ఒక్క మాట కింద టేకునూ తుమ్మనూ కలిపినంత తప్పు. రెండు, ఏ తీగ ఎవరికి జీవనాధారమో గ్రామసభలో తేల్చుకున్న తరువాతే గుర్తులు వేయాలి. మూడు, తీగల నరికివేతను మరింత కలప నరకడానికి అనుమతిగా వాడుకోరాదు. నరికివేత తీవ్రతను తగ్గించకుండా తీగలను మాత్రం కోస్తూ పోతే, కప్పు తెరుచుకుంటూనే ఉంటుంది, తీగ వస్తూనే ఉంటుంది.

9. ముగింపు:

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. నరికిన అడవుల్లో తీగలు చెట్ల పెరుగుదలను అడ్డుకుంటాయన్న నిర్ణయం అనేక అధ్యయనాల బలం గలది. దానిని తోసిపుచ్చడానికి ఆధారం లేదు.

2. కూలుడు నష్టాన్ని తగ్గించడంలో ముందస్తు నరికివేత ఫలితం అడవిని బట్టి మారింది. మలేషియా ఫలితం సార్వత్రికం కాదు.

3. కర్బనానికి సంబంధించిన పెద్ద అంకెలు వేగాన్ని చెబుతున్నాయో నిల్వను చెబుతున్నాయో, ఒక్క చికిత్సను చెబుతున్నాయో కలగలుపును చెబుతున్నాయో చూసుకొని గాని ఉటంకించరాదు.

4. కరువు, వన్యజీవులు, జీవనోపాధి అనే మూడూ లెక్కలోకి వచ్చినప్పుడు సంపూర్ణ నరికివేత సమర్థనీయం కాదు, ఎంపిక చేసిన నరికివేత సమర్థనీయం.

5. అడ్డాకు వంటి ఫలసాయం ఉన్న అడవుల్లో తీగల నిర్వహణ సాంకేతిక విషయం మాత్రమే కాదు, హక్కుల విషయం కూడా.

కర్బన పథకాలు రేపు తూర్పు కనుమలకు వస్తే, అవి వెంట తెచ్చే పట్టికలో అడ్డతీగకు ఏ గడి ఉంటుందన్నది ఇప్పుడే అడగవలసిన ప్రశ్న. హానికారుల గడిలో ఉంటే, చెట్లకు చేరిన కర్బనాన్ని ఎవరో కొంటారు, ఆకు కోసుకునే మనిషి పోగొట్టుకున్న కూలి ఏ పద్దులోనూ పడదు. తీగ లాగితే డొంక కదులుతుందని సామెత చెప్పిన పెద్దలు ఆ డొంకలో ఏమేమి ఉన్నాయో ముందు చూసుకోమనే చెప్పారు.